దుప్పటి కొట్టేసి చెక్క ముడి రాశాను

ఉదయగిరిలో మా వీధి ఆడవాళ్లు కొయ్య గరిటెలు చెక్కుతారు. శుక్రవారం, జుమా నాడు, మధ్యాహ్నం నమాజు అయ్యాక ఒక ఇంట్లో చేరితే, నేను దైవవాక్యం చదివి అర్థం చెబుతాను. వాక్యం చదివేటప్పుడు పనిముట్లు కింద పెడతారు. అర్థం చెప్పేటప్పుడు చెక్కను నునుపు చేసే ఆకురాళ్లు మళ్లీ ఆడతాయి. ఒకటి ఆగిందంటే నా మాట ఎవరికో అందలేదన్నమాట. చివరి వరుసకు అర్థం కాకపోతే తప్పు చెప్పేవాడిదేనని మసీదులో పాఠం చెప్పిన మా నాయన అనేవాడు.

ఆత్మకూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన ఒకాయన మామూలు పాఠకుల కోసం సైన్సు పుస్తకం వేస్తూ, తన పాత శిష్యురాలినైన నన్ను గురుత్వాకర్షణ మీద రాయమన్నాడు. అందరిలాగే రాశాను: లాగి పట్టిన దుప్పటి మీద ఇనుప గుండు పెడితే గుంట పడుతుంది, పక్కన వదిలిన గోలీ అటే దొర్లుతుంది; సూర్యుడి చుట్టూ స్థలం కూడా అట్లాగే వంగుతుంది. అచ్చుకిచ్చే ముందు మావాళ్లకు చదివాను. ఒక ఆకురాయి ఆగింది. మేమంతా ఖాలా అని పిలిచే పెద్దామెది.

"గోలీ గుంటలోకి ఎందుకు పోతాది?"

"భూమి కిందికి లాగతాది గదా ఖాలా."

"లాగడం అంటే ఏందో చెప్తానంటివి. మళ్లా లాగడమే చెప్తివే. బెల్లం ఎట్లుంటాదంటే బెల్లం మాదిరి ఉంటాదన్నట్టుండాది."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ల చదువులో నాకు తట్టని ప్రశ్న అది. ఆమె తన చేతిలో చెక్క చూపించింది. కొమ్మ మొలిచిన చోట ముడి, దాని చుట్టూ వంగిపోయిన గీతలు.

"ఉలిని ఎవురూ లాగరు. గీత వెంట నేరుగానే పోతాది. గీతే వంగుండాది."

దుప్పటి పోలిక కొట్టేసి అదే రాశాను: సూర్యుడు ముడి, గ్రహం ఉలి. స్థలంతోపాటు కాలం కూడా వంగుతుందన్న సంగతి ఆ పోలికలో లేదు, దాన్ని విడిగా చెప్పుకొచ్చాను.

లెక్చరర్ ఒప్పుకోలేదు. లోకమంతా దుప్పటే చెబుతుంటే గరిటెలు చెక్కేవాళ్ల మాట అచ్చేస్తే నవ్విపోతారన్నాడు. దుప్పటి ఉంటేనే నా అధ్యాయం ఉంటుందన్నాడు.

"నమాజు మనిషివి, నమ్మడం నీకు అలవాటే గదమ్మా. ఇదీ నమ్మరాదా?"

"దేవుణ్ణి నమ్మినాను సార్. దుప్పటిని నమ్మలేదు."

కాగితాలు వెనక్కి తీసుకున్నాను. పుస్తకం నా అధ్యాయం లేకుండానే వచ్చింది. రానీ. తప్పని తెలిసిన పోలికతో దేవుడి సృష్టిని వర్ణించడం నా లెక్కలో పాపమే. ఇప్పుడు ఆ అధ్యాయాన్ని జిరాక్స్ తీయించి అడిగినవాళ్లకు పంచుతున్నాను. మొదటి పేజీలో ఖాలా ప్రశ్నే పెట్టాను. లెక్చరర్ గారికీ ఒకటి పంపాను. ఇంకా జవాబు రాలేదు.