సీసాలో దాచుకున్న నీళ్లు

ఆ బోనాల ఆదివారం అల్వాల్ నుంచి వస్తున్న మా బస్సు సికింద్రాబాద్‌లో ఊరేగింపు వెనక ఆగిపోయింది. పక్క సీటులోని అమ్మాయి చొక్కాకు నంబరు గుచ్చి ఉంది. నగరంలో ఏటా జరిగే పరుగు పోటీకి వెళ్తోందట.

"ఈసారే ఆఖరి ఛాన్స్ సార్. వచ్చే ఏడు ఏజ్ దాటిపోతది."

"రన్నర్‌వే గదా బిడ్డా, దిగి ఉరుకు!" అన్నాడు కండక్టర్.

"జెర తొవ్వ సూపియ్యన్నా, ఉరుకుత."

బయట కాలు పెట్టే చోటు లేదు. పోటీ వేళ దాటిపోయింది. అప్పుడే తలపై బోనంతో ఒకావిడ బస్సు పక్కకు వచ్చింది. బోనమెత్తిన ఆడవాళ్ల కాళ్లపై నీళ్లు పోయడం ఇక్కడి ఆచారం. అమ్మాయి మెట్ల మీదికి దిగి, పరుగు కోసం దాచుకున్న సీసా నీళ్లన్నీ ఆమె పాదాలపై పోసి దండం పెట్టింది.

తిరిగొచ్చి కూర్చుని నంబరుకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసింది. వాటినెక్కడ పెట్టాలో తెలియక చూస్తుంటే, నేను అరచెయ్యి చాపాను.