తూపిలిపాళెం గిటారు చేప

పుస్తకంలో లేనిదేదో తన కంటికే కనబడాలనే జబ్బు కుర్రవయసులో ప్రతివాడికీ ఉంటుంది. నాకది బాగా ముదిరిన ఏడాది తిరుపతిలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో తాత్కాలిక డెమాన్‌స్ట్రేటరుగా ఉన్నాను. ఏటా వేసవికి ముందు పెద్దసారు (మా విభాగాధిపతి, ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు) సంతకం పెడితే ఇంకో ఏడాది ఉద్యోగం. పెట్టకపోతే చిత్తూరు బస్సెక్కి నాయన మామిడి మండీలో కూర్చోవడమే.

ఒక ఆదివారం కూరకని చేపల బజారుకు పోయి, కత్తెక్క (కత్తి కంటే నోరే పదును, అందుకని ఆ పేరు) బల్ల మీద ఒక గిటారు చేపను చూశాను. ముందు సగం టేకు చేపలా (ఇంగ్లీషులో రే) పలక, వెనక సగం సొరచేపలా తోక. అలాంటివి మన తీరంలోనూ పడతాయి గానీ, దీని మూతి మీద చారలున్నాయి. "యాడిదక్కా ఇది?" అంటే, "తూపిలిపాళెం సామీ, తెల్లార్తో వల్లో పడింది" అంది. అది పులికాట్ దగ్గరి మన రేవే. కొనుక్కొచ్చి ఫార్మలిన్‌లో పెట్టి, నాలుగు రోజులు మూతి పొడుగు కొలిచాను, వీపు మీది ముళ్లు లెక్కపెట్టాను, ముక్కు పొరలను భూతద్దంలో చూశాను. ఎన్నిసార్లు చూసినా ఒకటే జవాబు: కేరళ దిగువ సముద్రంలో ఉండే జాతి. మన వైపు ఎవరైనా చూసినట్టు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. పెద్దసారు నవ్వారు. "నీ సంతకం సంగతి నాకొదిలెయ్యప్పా" అని, చెన్నై నుంచి ఒక చేపల నిపుణుణ్ణి శుక్రవారం పదకొండింటికి రప్పించారు.

ఆ శుక్రవారం తొమ్మిదింటికి పెద్దసారు, "ఏ పడవలో పడిందో రాసినావా? ఆయన మొదట అడిగేది అదే" అన్నారు. సైకిలెక్కి బజారుకు పరుగెత్తాను.

"అక్కా, ఆ చేపను పట్టిన పడవ ఎవురిది?"

"పడవా? లారీ నంబరైతే చెప్తా. కేరళ కొల్లం నుంచి ఐసులో వచ్చినాది."

"తూపిలిపాళెం అంటివి గదా."

"అందరికీ అదే చెప్తా. కొల్లం అంటే రెండ్రోజుల చేపని ముట్టుకోరు. నువ్వు పులుసుకనుకుంటి సామీ. పరీక్షకని ముందే అనుంటే నిజమే చెప్పుందును."

సైకిలు కాలేజీ వైపు తిప్పాను. దారంతా ఒకటే ఆలోచన: ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. కత్తెక్క కాలేజీకి రాదు, చెన్నై సారు ఈ బజారుకు రాడు. తూపిలిపాళెంలో పడవలకేం కరువు, ఏదో ఒక పేరు చెబితే సరి. రైల్వే గేటు దగ్గర ఒక పేరు కూడా కల్పించుకున్నాను.

నేను చేరేసరికి విభాగమంతా చేపను పెట్టిన ట్రే చుట్టూ నిలబడి ఉంది. చెన్నై సారు భూతద్దం పట్టుకుని చాలాసేపు వంగి చూశారు. చివరికి తలెత్తి, "జాతి కరెక్టే. ఏ పడవ?" అన్నారు. పెద్దసారు గర్వంగా నావైపు చూశారు. కల్పించుకున్న పేరు నాలుక చివరిదాకా వచ్చి, చేప ముల్లులా అక్కడే అడ్డం పడింది.

"పడవ కాదు సార్. లారీ."

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు కిటికీ వైపు తిరిగారు. కత్తెక్క చెప్పినదంతా చెప్పేశాను (పులుసు మాటతో సహా, ఎందుకో). చెన్నై సారు కళ్లద్దాలు తుడుచుకుని, చీటీ తీసుకుని తానే రాశారు: 'దొరికిన చోటు: తిరుపతి చేపల బజారు.' లేచి పోతూ పెద్దసారుతో, "నల్ల పిల్లాడు సార్. సముద్రం తప్పినా చేపను తప్పలేదు" అన్నారు. తమిళంలో నల్ల అంటే మంచి అని తెలిసినా, పెద్దసారు నా రంగును ఒకసారి చూశారు. నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆఖరి రోజున మాత్రం, మొహం అటు తిప్పుకునే, సంతకం పెట్టారు.

ఆ చేప సీసా ఇప్పుడు నా గదిలో ఉంది. పిల్లలు అడిగితే, ఇది కన్యాకుమారి చుట్టూ ఈది, పులికాట్ దగ్గర మలుపు తిరిగి, వరదల్లో స్వర్ణముఖికి ఎదురీది తిరుపతి చేరిందని చెబుతాను. సగం మంది నోట్సులో రాసుకుంటారు కూడా. అంత అబద్ధం చెప్పినా ఇప్పుడు నాకు చెమట చుక్క పట్టదు. ఆ శుక్రవారం రెండు ముక్కల నిజం చెప్పినందుకు, గదికి పోయి విప్పిన చొక్కాను పిండి ఆరేయాల్సి వచ్చింది.