తప్పులన్నీ అల్లాబక్ష్‌వే

అల్లాబక్ష్ మేస్త్రీని ఫౌజీ బండ్ల షెడ్డులోంచి వెళ్లగొట్టింది అతను చెయ్యని తప్పుకు. ఎవడో ఒక లారీ ఇంజనులో నూనె పొయ్యడం మరిచి, దాన్ని కాల్చి మాడ్చాడు. దొరగారు పనివాళ్లందర్నీ వరసలో నిలబెట్టి ఎవడు చేశాడని గద్దించాడు. వరస చివర్నుంచి అల్లాబక్ష్ చెయ్యెత్తి, "తప్పు నాదే సాబ్" అన్నాడు. ఆ లారీ పాడైన వారమంతా అతను జ్వరంతో చిలకలగూడలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ సంగతి దొరగారికి తప్ప అందరికీ తెలుసు. ఎవ్వరూ నోరు విప్పలేదు.

అన్యాయమే. కాని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకోవడం కష్టం. కొందరికి పేకాట, కొందరికి నశ్యం ఉన్నట్టు అల్లాబక్ష్‌కు తప్పు ఒప్పుకోవడం ఒక వ్యసనం. రెజిమెంటల్ బజారులో రేకుల షెడ్డు వేసుకున్న తర్వాత అది ఇంకా ముదిరింది. షెడ్డు ముందు ఎవడి సైకిలు జారినా తప్పు అతనిదే. పక్కింటి బాలమ్మ పాలు విరిగితే, "నాదే తప్పు బాలమ్మా, పొద్దుగాల నీ గిన్నె దిక్కు చూసిన" అనేవాడు. వాన పడకపోతే ఆకాశం వైపు చూసి సిగ్గుపడేవాడు.

"నిఖాలో ఖాజీసాబ్ మూడుసార్లు అడిగిన్రు, మూడుసార్లూ ఖుబూల్ అన్నడు" అని అతని భార్య గులాబ్ బీ చెప్పేది. "అందరూ దువా చేస్తుంటే మెల్లగ మా నాయన దిక్కు తిరిగి తప్పు నాదే అన్నడు. మా నాయన బతికున్నన్ని దినాలు ఏం తప్పో అని పరేషాన్ అయ్యిండు."

యూనియన్ ఫౌజు వచ్చి, నిజాం సర్కారు వారం తిరక్కుండా చేతులెత్తేసినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో భయం పట్టుకుంది. గులాబ్ బీ మాత్రం మొగుణ్ని లోపల పెట్టి గొళ్లెం వేసింది. "బయట సోల్జర్లు తిరుగుతున్నరు బాలమ్మా. రజాకార్లు ఎవరని ఊరికెనే అడిగినా సరే, ఈ మనిషి చెయ్యి లేపుతడు." లోపల్నుంచి అల్లాబక్ష్ గొంతు వినబడింది: "నిజమే, నీకు శాన తక్లీఫ్ ఇస్తున్న. నాదే తప్పు."

ఈ మనిషికి పూర్తిగా తలకిందులు యేసురాజు. మారేడ్‌పల్లిలో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు దేవసహాయంగారి కారు తోలేవాడు. బడి మానేసినా, పాత కాగితాల దుకాణంలో దొరికిన ప్రతి పుస్తకమూ అట్ట నుంచి అట్ట వరకు చదివాడు. చదివిన కొద్దీ కోపం పెరిగింది. లోకంలో ఎవరు ఎవరికి అన్యాయం చేశారో అతనికి కంఠతా వచ్చు, తనకు చేసినవి మరీ బాగా వచ్చు. బడి మానిపించిన మేనమామ, ముందు బెంచీ ఇవ్వని చర్చి, పోయిన నిజాం, వచ్చిన యూనియన్, అన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవాడు. అలాంటివాడి మీద ఒకరోజు నిజంగానే అన్యాయం వచ్చి పడింది. అంత సాధన చేసి కూడా పాపం తట్టుకోలేకపోయాడు.

పెట్రోలు చీటీల మీద దొరికే కాలం. దేవసహాయంగారి విలాయతి కారు యేసురాజు కంటే వయసులో కొంచెం చిన్నది, మొండితనంలో సమానం. వాలులో నిలబెట్టి దొర్లిస్తే తప్ప పొద్దున్నే లేవదు. అందుకని గేటు లోపల మట్టి వాలు మీద, మూతి కిందికి పెట్టి ఉంచేవారు. దేవసహాయంగారు రోజూ సాయంత్రం టాంకీలో బడి స్కేలు ముంచి చూసేవారు. పొద్దున లేచి మళ్లీ ముంచేవారు.

"రాత్రి ఉన్నంత పొద్దునకి లేదు. ఏవైందోయ్?"

"టాంకీ కారుతుందేమో సార్."

"కారితే కింద తడి ఉండాలి గదా. వాసన రావాలి గదా."

కింద ఇసుక. ఎంత పడినా తాగేసి ఏమీ ఎరగనట్టు ఉండేది. వాసన మాటకొస్తే, ఏళ్ల తరబడి నశ్యం పట్టిన దేవసహాయంగారి ముక్కుకు ఎదురుగా అన్నం మాడినా తెలియదు. యేసురాజు ముక్కుకేమో పప్పుచారులో కూడా పెట్రోలు వాసనే.

"శనివారం లోపల చిల్లి చూపించు" అన్నారు దేవసహాయంగారు. "చూపిస్తే సరి. లేకపోతే పెట్రోలు తీసింది నువ్వే అనుకోవలసి వస్తుంది. రేపు నిన్ను గురించి ఎవరడిగినా అదే చెబుతాను. నాకు అబద్ధం చేతకాదు."

పెట్రోలు దొంగ అని ఆ పెద్దమనిషి ఒక్కసారి అంటే చాలు, సికింద్రాబాదులో ఇంకెవరూ యేసురాజు చేతికి స్టీరింగు ఇవ్వరు. కారును నేరుగా అల్లాబక్ష్ షెడ్డుకు తీసుకొచ్చాడు.

"చాచా, టాంకీ యాడ కారుతుందో చూడాలె."

"నాదే తప్పు."

"నువ్వు ఈ కారును ఇప్పుడే చూస్తున్నవు గద."

"అదే తప్పు బేటా. ఎప్పుడో చూడాల్సుండె."

అల్లాబక్ష్ కారు కింద దూరాడు. బట్టతో టాంకీని పొడిగా తుడిచి, బాలమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి తెచ్చి, చుట్టూ అద్దాడు. పెట్రోలు ఒకచోట పుట్టి అతుకు వెంట పాకి ఇంకోచోట బొట్టవుతుంది. బొట్టు పడ్డచోట వెతికితే చిల్లి దొరకదు. పిండి మీదైతే వచ్చిన దారి నల్లటి గీతలా పడుతుంది.

సాయంత్రానికి గీత లేదు. మర్నాడూ లేదు. టాంకీ పెళ్లికూతురులా తెల్లగా కూచుంది. అల్లాబక్ష్ దాన్ని వేలితో కొట్టి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. కారును ఇద్దరూ కలిసి ఊపారు. పిండి రాలిందే తప్ప చుక్క పడలేదు.

"చాచా, మరి పెట్రోల్ యాడ పోతున్నట్టు?"

"అదే సమజైతలేదు."

"నేనే నిద్రల లేచి తీస్తున్ననా ఏంది?" యేసురాజుకు నిజంగానే అనుమానం వచ్చింది. నిద్రలో నడిచే మనుషుల గురించి ఎక్కడో చదివాడు. చదువుతో వచ్చిన చిక్కు ఇదే.

"నువ్వు నిద్రల నడిస్తే సుత తప్పు నాదే" అన్నాడు అల్లాబక్ష్. యేసురాజు కసిరి లేచి వెళ్లిపోయాడు. తప్పు ఎవరిదో తేల్చమని వస్తే, అన్నీ తనవే అనే మనిషితో ఏం తేలుతుంది?

శనివారం దేవసహాయంగారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. వంగి టాంకీని చూశారు. తెల్లగా ఉంది.

"చిల్లి లేదన్నమాట. అయితే యేసురాజూ—"

"తప్పు నాదే సాబ్" అన్నాడు అల్లాబక్ష్. "మీ పెట్రోల్ తీసింది నేను."

దేవసహాయంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో పిల్లల చేత తప్పు ఒప్పించడానికి బెత్తాలు అరగదీశారు గాని, అడక్కుండా ఒప్పుకున్నవాణ్ని చూడలేదు.

"నువ్వా? మా గేటుకు తాళం ఉంటుందే."

"గోడ దుంకిన."

"నీకు మోకాళ్ల నొప్పులని నీ భార్య ఇప్పుడే చెప్పింది."

"మెల్లగ దుంకిన సాబ్."

"కుక్క మొరగలేదా?"

"మొరిగింది. నల్లకుక్క. రొట్టె ఏసిన."

"మా ఇంట్లో కుక్క లేదు."

అల్లాబక్ష్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అందుకే దుంకిన."

గులాబ్ బీ కొంగుతో తల కొట్టుకుంది. దేవసహాయంగారికి ఒకటే అర్థమయింది: ఇద్దరిలో ఒకడు దొంగ, ఒకడు పిచ్చివాడు, ఎవడు ఏదో తెలియడం లేదు. "రేపు ఆరాధన అయ్యాక వస్తాను. ఇద్దరినీ ఠాణాలో మిలిటరీ వాళ్ల ముందు నిలబెడతాను. వాళ్లే తేలుస్తారు" అని, యేసురాజు చేతిలోంచి తాళం లాక్కుని, కారు తనే తోలుకుంటూ పోయారు. ఆయనకు మొదటి గేరు ఒక్కటే వచ్చు. మారేడ్‌పల్లి దాకా ఆ ఇంజను ఏడుపు బజారంతా విన్నది.

యేసురాజుకు భయం పట్టుకుంది. తన కోసం కాదు. ఆ రోజుల్లో అల్లాబక్ష్ లాంటి పేరున్నవాడు ఠాణాకు వెళ్లి దొంగతనం ఒప్పుకుంటే ఎప్పుడు తిరిగొస్తాడో, వస్తాడో రాడో చెప్పగలిగినవాడు లేడు. గులాబ్ బీ వెళ్లి మళ్లీ ఆ తలుపు గొళ్లెం లాగి చూసింది. అది అన్నిటికంటే భయంగా ఉంది.

"ఎందుకన్నవు చాచా? నేను తియ్యలే. నువ్వు తియ్యలే. వాళ్లు నిన్ను పట్కపోతే?"

అల్లాబక్ష్ చేతులు తుడుచుకున్నాడు. బట్ట కంటే చేతులే శుభ్రంగా ఉన్నాయి.

"నువ్వు పడుచోనివి. తెల్లబట్ట లెక్క. ఒక్క మరక పడితే దునియా అంత కనిపిస్తది. నాది చూడు, ఎన్నేండ్లసంది పడుతున్నయో. ఇంకోటి పడితే ఎవనికి కనిపిస్తది?"

బాలమ్మ పాలు, సైకిలు, ఆకాశం, ఇన్నేళ్లూ ఇతను ఉత్తుత్తి తప్పులు ఒప్పుకుంటూ వచ్చింది, ఇంకొకరి కోసం నెత్తిన వేసుకున్న అసలువాటిని వాటి మధ్యలో దాచడానికా అని యేసురాజుకు అప్పుడు తోచింది. ఆ కాలిపోయిన లారీ తప్పు ఎవడిదో అడుగుదామనుకున్నాడు. అడిగితే ఏం జవాబొస్తుందో తెలుసు గనక ఊరుకున్నాడు.

ఆదివారం అతను చర్చికి పోలేదు. షెడ్డు గుమ్మంలో కూచుని, ఠాణాలో తానేం చెప్పాలో వల్లె వేస్తున్నాడు. ఆరాధన ఇంకా అయి ఉండదు, దేవసహాయంగారు నడుచుకుంటూ వచ్చేశారు. చర్చి కోటు మోకాళ్ల దాకా దుమ్ము. తల మీద ముగ్గుపిండి. ముక్కు మీద కూడా ముగ్గుపిండి.

"గీత పడింది" అన్నారు ఆయాసంగా.

పొద్దున స్కేలు ముంచబోతే జేబులోని నశ్యం డబ్బీ కారు కిందికి దొర్లిందట. దాని కోసం పాక్కుంటూ పోయి తల పైకెత్తితే, టాంకీ ముందు వైపు, పై అతుకు దగ్గర, చట్రం చాటున, తెల్లపిండి మీద నల్లటి గీత.

అల్లాబక్ష్ నుదురు కొట్టుకున్నాడు. షెడ్డులో నేల చదునుగా ఉంటుంది. పెట్రోలు ఆ చిల్లి దాకా లేవదు. మారేడ్‌పల్లి వాలులో కారు మూతి కిందికి పెట్టి నిలబడితే పెట్రోలంతా ముందుకొచ్చి చిల్లిని ముంచుతుంది. చిల్లి కిందికి దిగేదాకా కారి, తెల్లారేసరికి మర్యాదగా ఆగిపోతుంది.

"తప్పు నాదే" అన్నారు దేవసహాయంగారు.

తన మాట ఇంకొకరి నోట విని అల్లాబక్ష్ బిత్తరపోయాడు.

"ఎట్లయితది సాబ్? నేను వాలు మీద చూడాల్సుండె. నాదే తప్పు."

"కారును వాలులో పెట్టించింది నేను. అనుమానపడింది నేను. నాది."

"ముగ్గుపిండి నాది సాబ్."

"ముగ్గుపిండి నాది" అంది గోడ అవతల్నుంచి బాలమ్మ.

"వినవయ్యా. నేను జీవితంలో మొదటిసారి ఒప్పుకుంటున్నాను. నన్ను ఒప్పుకోనియ్యి."

అల్లాబక్ష్ చాలాసేపు తటపటాయించాడు. ఇల్లు రాసివ్వమన్నా అంత బాధపడేవాడు కాడేమో. చివరికి, "సరే తీస్కోండ్రి సాబ్. జెర మెల్లగ. అలవాటు లేనోళ్లకు బరువుంటది" అన్నాడు.

దేవసహాయంగారు యేసురాజు వైపు తిరిగారు. ముఖం చూడలేక గోడకు వేలాడుతున్న టైరును చూస్తూ, "యేసురాజూ, నేను పొరపాటు పడ్డాను నాయనా" అని తాళం చేతిలో పెట్టారు. లోకాన్ని క్షమించకూడదని ఎన్నాళ్ల క్రితమో నిశ్చయించుకున్న యేసురాజు ఆ టైరునే చూస్తూ, "పర్వాలేదు సార్" అన్నాడు.

తడిపిన బట్టల సబ్బు చిల్లిలో కుక్కి, మారేడ్‌పల్లి నుంచి షెడ్డుకు కారును యేసురాజే దింపుకొచ్చాడు. సబ్బును పెట్రోలు కరిగించలేదు, ఒక పూటకు ఆగుతుంది. ఇక అసలు పని. టాంకీ విప్పి, పెట్రోలు వంచి, సలసల కాగే నీళ్లు పోసి కడిగి, మళ్లీ పోసి కడిగి, చిల్లి అంచు దాకా నీళ్లు నింపి టంకానికి కూచున్నాడు అల్లాబక్ష్. లోపల పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే టాంకీ బాంబే. గులాబ్ బీ కోళ్లను అవతలి సందులోకి తోలింది. దేవసహాయంగారు కోళ్ల కంటే దూరం వెళ్లారు.

"పేలితే నాదే తప్పు" అన్నాడు అల్లాబక్ష్.

"పేలితే ఒప్పుకునేటందుకు నువ్వుండవు చాచా" అన్నాడు యేసురాజు. అయినా పక్కనే నిలబడి టాంకీ కదలకుండా పట్టుకున్నాడు.

పేలలేదు. తగరం కరిగి, అతుకు వెంట వెండి దారంలా పరుచుకుంది. ఆ రాత్రి కారు వాలు మీదే నిలబడింది. పొద్దున స్కేలు ముంచితే పెట్రోలు ఎంత ఉండాలో అంతా ఉంది.

యేసురాజు ఇంకో ఏడాది ఆ కారు తోలి, నాగపూరులో బస్సు నడిపే పని దొరికితే బయల్దేరాడు. రైలుకు ముందు షెడ్డుకు వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒక లారీ కిందనుంచి పాక్కుంటూ వచ్చిన అల్లాబక్ష్ అతన్ని చూసి, గట్టిగా కౌగిలించుకుని వీపు తట్టాడు. వదిలాక, వెళ్లబోతున్న యేసురాజు వీపు చూసి గతుక్కుమన్నాడు. చొక్కా వెనక రెండు నల్లటి అరచేతులు, అయిదేసి వేళ్లతో సహా అచ్చుపడి ఉన్నాయి.

యేసురాజు మెడ తిప్పి చూసుకోబోయాడు. భుజం దగ్గర నల్లటి వేలి అచ్చు కనబడేసరికి, ఏం వింటాడో తెలుసు గనక నవ్వుతూ ఆగాడు.

అల్లాబక్ష్ రెండు చేతులూ వెనక్కి దాచుకుని, బజారు అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒకసారి తీరిగ్గా కలయజూశాడు.

"ఎవల పనో గిది" అన్నాడు. "నువ్వు రైలెక్కు బేటా. దొరకనియ్యి, వాని సంగతి నేను చూస్త."