న్గోంగ్ కొండ మీద పేరు

నైరోబీలో పైలట్లకు పరీక్షపెట్టే సిమ్యులేటర్‌ కంప్యూటర్లోకి ఆకాశమార్గపు మలుపులన్నీ ఎక్కించేది కిముతై. ప్రతి మలుపుకూ అయిదు ఇంగ్లీషు అక్షరాల పేరుండాలి. మందాజీ అనే తీపి బూరె నములుతూ, తెరమీది న్గోంగ్ కొండను గుద్ది ఫెయిలైనవాళ్ల పేర్లే ఒంటి వేలితో టైపు కొడతాడు. తర్వాతివాళ్లు వాటిని పైకి చదువుతూ నడపాలి. ఈరోజు వంతు అవినోది. కొండకు ముందు మలుపు ఓగోలా. ఆ పేరు ఇక్కడే ఉద్యోగం పోగొట్టుకున్న ఆమె అన్నది.

“గట్టిగా చదువమ్మా! అక్కడ తిప్పకపోతే మీ అన్న పక్కన చేరతావ్,” అన్నాడు కిముతై.

“ఓగోలా” అని గట్టిగా చదివి తిప్పింది. విమానాన్ని కొండ దాటించి దించింది. అప్పుడు చూసింది, తెరమీద కొండకొన దగ్గర ముందే కొట్టిపెట్టిన తన పేరు.

“పాసయ్యాను కదా సార్, అది తీసెయ్యండి.”

కిముతై వేలికంటిన చక్కెర నాక్కున్నాడు.

“ఉండనీ తల్లీ. ఆర్నెల్లకోసారి పరీక్ష తప్పదుగా. ఎప్పటికైనా పనికొస్తుంది.”