లేని ఉద్యోగుల జాబితాలో బాలమణి అవ్వ

ప్రియ సహోదరులారా, పోలీసులు నన్ను తీసుకెళ్లిన రోజున నా విజిటింగ్ కార్డు మీద 'వైస్ ప్రెసిడెంట్' అని ఉంది; ఠాణాలో ఆ హోదాకు కుర్చీ వేయలేదు.

చేవెళ్ల రోడ్డు మీద షేర్ ఆటోలో వేలాడుతూ కాలేజీకి వెళ్లినవాణ్ణి, సాఫ్ట్‌వేర్ జోరుగా సాగిన ఆ రోజుల్లో మాదాపూర్‌లోని ఒక కంపెనీలో చాలా పైకెక్కాను, దేవుణ్ణి కూడా అపాయింట్‌మెంట్ తీసుకోమనేంత పైకి! విదేశీ క్లయింట్లకు మా దగ్గర మనుషులు ఎక్కువున్నట్టు చూపించడానికి లేని ఉద్యోగులను నేనే పుట్టించాను. పేర్లు తోచక, చేవెళ్ల దారిలోనే ఉన్న మా ఊరు హిమాయత్‌నగర్‌లో మా అమ్మ వెళ్లే సంఘంలో రోగుల కోసం ప్రార్థించే జాబితా తీసుకున్నాను. నా చేతిలో పడి వాళ్లంతా ఇంజనీర్లయ్యారు. దాన్ని స్వస్థత అనలేం గానీ, ప్రమోషనే.

మోసం బయటపడింది. ఆఫీసులో ఆ జాబితా టైపు చేసిన స్వరూప అనే అమ్మాయి మీదికి నెట్టేస్తే నేను తప్పించుకోవచ్చని వకీలు అన్నాడు. పాపం, ఆమెకేమీ తెలియదు. ఆలోచిస్తానన్నాను. అంటే దాదాపు ఒప్పుకున్నట్టే.

బెయిలు మీద వచ్చి, వకీలు మాటతో సహా అమ్మకు అంతా చెప్పిన మర్నాడు, నేను వాడుకున్న జాబితాలో పేరున్న బాలమణి అవ్వ వచ్చింది; క్యారెట్ తోటల్లో కూలికి వెళ్లే మనిషి.

"ఏం బిడ్డా, నేను నీ కంపెనీల నౌకరి చేస్తున్ననంట? పోలీసాయన అడిగిండు. ఏం పని నాది?"

"క్వాలిటీ చెకింగ్, అవ్వా."

"అంటే?"

"తప్పులుంటే పట్టుకునుడు."

"గంతేనా! రోజూ క్యారెట్లల్ల పుచ్చులేరుడు నా పనే గద. మీ అమ్మ అంత చెప్పింది. ఇగ చెప్పు, తప్పు ఆ పిల్లదా, నీదా?"

ఇంగ్లీషులో చాలా జవాబులు తోచాయి. తెలుగులో ఒక్కటే ఉంది.

"నాదే, అవ్వా."

మట్టి వాసన వేసే చేయి నా తల మీద పెట్టింది. "ప్రభువా, వీనికి తెలివి బాగనే ఇచ్చినవు. జర నిజం గూడ ఇయ్యి తండ్రీ."

మర్నాడే ఠాణాకు వెళ్లి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. స్వరూప కేసులోంచి బయటపడింది, నేను జైలుకు వెళ్లాను. సహోదరులారా, నాకు విడుదల జైలుకెళ్లే ముందే దొరికింది. ప్రభుత్వం ఇచ్చినది తర్వాత వచ్చింది. దేవునికే మహిమ!

ఇప్పుడు ఆదివారం ప్రార్థన జాబితా చదివేది నేనే. సంఘం దాన్ని మళ్లీ నా చేతికివ్వడం కన్నా పెద్ద అద్భుతం నేను చూడలేదు. మీరూ ఏదైనా దాచిపెట్టి అలసిపోతే ఆయన దగ్గరికి రండి. డిగ్రీలు అక్కర్లేదు, హోదా అక్కర్లేదు. సొంత పేరుతో వస్తే చాలు.