తేలే బ్రిడ్జికి రెండు టేకు ముక్కలు

ఇంద్రాణికి ముక్కు మీదే కోపమని కిరందుల్ ఇనపగనుల టౌన్‌షిప్‌లో పేరు. ఉండదా మరి! పదకొండేళ్లుగా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్న మనిషిని కీబోర్డు వెనకాల నిలబెట్టి, ఫొటోల్లో మోచెయ్యి మాత్రమే పడేలా చూసుకున్న పెద్దమనుషులు, ఆమె నవ్వుతూ కూడా ఉండాలంటారు! పగలు బడిలో చిన్నపిల్లల చేత హిందీ అక్షరాలు దిద్దిస్తుంది. సాయంత్రాలు ఆర్కెస్ట్రా. ఆమె చేతికి మామూలు గిటార్ ఒకటిచ్చి, పాట పొడుగునా తాళానికి మీటుతూ ఉండమన్నారు. ముందు నిలబడి, చరణానికీ చరణానికీ మధ్య జనాన్ని ఊపేసే ఎలక్ట్రిక్ గిటార్ మాత్రం మంగల్‌ది.

మంగల్ మంచివాడే, ఆ మాట ఇంద్రాణి కూడా ఒప్పుకుంటుంది. జగదల్‌పూర్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ తన గిటార్ ఆమె చేతిలో పెట్టి, "దీదీ, ఇక ముందు నువ్వే నిలబడు" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల బతుకులో ఆమెకి ఆ మాట చెప్పినవాడు అతనొక్కడే. ఆ నిలబడే అవకాశం విశ్వకర్మ పూజ నాడు వచ్చింది.

గనుల ఊరికి సెప్టెంబరు పదిహేడుని మించిన పండగ లేదు. ఏడాదిలో ఆ ఒక్క రోజే వర్క్‌షాప్ గేటు లోపలికి ఇంటిల్లిపాదినీ రానిస్తారు. పొద్దున పూజ, మధ్యాహ్నం కిచిడీ, నాలుగింటికి పెద్ద షెడ్డులో ఆర్కెస్ట్రా. సుత్తి, స్పానరు, రంపం, ఆకురాయి, అన్నీ ముందు రోజే కడిగి నూనె రాస్తారు. పసుపు కుంకుమలు పెట్టి దేవుడి ముందు పేర్చాక మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టరు. ముడితే చెయ్యి పోతుందని భయం. ఆ భయం అందరికన్నా ఎక్కువున్నది ఇంద్రాణి తండ్రి గవర్రాజుకి. ఆయన కళ్ల ముందే ఒకడు పూజ నాడు తొందరపడి స్పానరు తీశాడు, వారం తిరక్కుండా కన్వేయరు కింద రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి గవర్రాజు ఆ రోజు ఇంట్లో గోళ్లు కత్తిరించుకునే కత్తెర కూడా పట్టనివ్వడు.

విజయనగరం పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట వచ్చి, ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టర్‌గా చేసి, రెండేళ్ల కిందట రిటైరైన మనిషి. నలభై మంది దాకా కుర్రాళ్లకి పని నేర్పాడు. పదహారేళ్లప్పుడు ఇంద్రాణి తనూ ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేస్తానని కాళ్లావేళ్లా పడింది. ఆ నూనె, ఆ మసి, ఆ బూతులు ఆడపిల్లకెందుకని ససేమిరా అన్నాడు, తీసుకెళ్లి బీఏలో చేర్చాడు. సరే, కాలం అలాంటిది అనుకుందాం. ఉద్యోగం చివరి ఏడాదిలో కంపెనీ వాళ్లు హిడ్మే అనే అమ్మాయిని అప్రెంటిస్‌గా ఆయన దగ్గరికి పంపారు. ఆ పిల్లకి మనసారా నేర్పాడు. రోజూ రాత్రి అన్నం ముందు కూర్చుని "ఆ పిల్ల సెయ్యి సూడాలే, ఎంత తిన్నగా పోతాదో!" అని మురిసిపోయేవాడు. ఒకరోజు ఇంద్రాణి కంచం తోసేసి లేచిపోయింది. ఎందుకు లేచిందో ఆయనకి ఈనాటికీ అర్థం కాలేదు. అర్థం కాలేదంటే కోపం రాదా!

ఇక పూజ నాటి సంగతికొద్దాం. పొద్దున్నే ఇంద్రాణి తలస్నానం చేసి వచ్చి గిటార్ పెట్టె తెరిచింది. సన్నతీగ తెగి చుట్టలు చుట్టుకుని ఉంది. మిగతా ఐదూ మెడకి ఆనుకుపోయి, మీటితే గరగరమంటున్నాయి. వెనక మూత మీది మరలు తళతళా మెరుస్తున్నాయి. ఎవరో విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో మర తుడిచి బిగించేవాడు ఒక్కడే.

"నాన్నా! నా గిటార్ ఏం చేశావ్?"

గవర్రాజు వరండాలో తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. "ఏటే ఆ అరుపులు? నిన్న పూజకని అన్నీ సుబ్బరం సేసినాను గదా, దాన్నీ తుడిసినాను. ఆ ఇనప ముక్క పైకి లేసిపోయి ఊగుతంది. ఎనక స్ప్రింగులకి రెండు మరలున్నాయి, బిగించినాను. ఇప్పుడు కదల్దు సూడు."

ఇంద్రాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అది ఊగాలి నాన్నా! అలా తేలుతూ ఉండడమే దాని పని!"

నిజానికి ఆ గిటార్ తీరే అంత. తీగలు కట్టే ఇనప బ్రిడ్జి చెక్కకి అతుక్కుని ఉండదు. పైన ఆరు తీగలు ఒక పక్కకి లాగుతుంటాయి, వెనక గుంటలో స్ప్రింగులు రెండో పక్కకి లాగుతుంటాయి. ఆ రెండు బలాలూ సరిసమానమైన చోట బ్రిడ్జి తేలుతుంది. పక్కనున్న కడ్డీ నొక్కితే స్వరం కిందికి వంగి మళ్లీ లేస్తుంది. అందమూ అదే, ప్రాణం తీసేదీ అదే. ఒక్క తీగ సవరిస్తే మిగతా ఐదూ జారిపోతాయి. రోజుల తరబడి సవరించి సవరించి మంగల్ ఒక తీరుకి తెచ్చి ఇచ్చినదాన్ని, గవర్రాజు పది నిమిషాల్లో గుండుసున్నా చేశాడు. పైగా మెచ్చుకోలు కావాలి!

"ఊగేది వస్తువేటే? అలగైతే తయారు సేసినోడికే పని రాదు" అన్నాడాయన.

"ఓలమ్మా, పండగ పూట ఏటీ గోల మీ ఇద్దరిదీ!" అని తల్లి అప్పలకొండమ్మ వంటింట్లోంచి కేకేసింది. ఆ కేక ఎవరూ చెవిన వేసుకోలేదు. ఇంద్రాణి స్క్రూడ్రైవరు కోసం వెతికితే అదీ లేదు. తన పనిముట్ల పెట్టెతో పాటు కూతురి స్క్రూడ్రైవరు కూడా తెల్లారుజామునే షెడ్డుకి తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టి వచ్చాడు మహానుభావుడు.

మధ్యాహ్నం షెడ్డులో స్టేజి పక్కన కూర్చుని ఆమె కొత్త తీగ వేసింది. ఒకటి శ్రుతి చేస్తే ఇంకోటి పోతోంది. అంతా కుదిరినట్టే ఉంటుంది, ఒక్క తీగ వేలితో పైకి తోసి పలికించగానే మొత్తం మళ్లీ మొదటికొస్తోంది. బయట వాన, లోపల వెయ్యి మంది గోల. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు వచ్చాడు రాంప్రసాద్. మరైగూడ వైపు మనిషి, మాటలో సగం హిందీ, క్యాంటీన్‌లో గుమస్తా, ఆర్కెస్ట్రాకి సెక్రటరీ.

"ఏంది టీచరమ్మా, ఇంకా కుయ్ కుయ్ మనిపిస్తనే ఉన్నవ్? చార్ బజే ప్రోగ్రాం. మూడున్నర దాకా చూస్త. పలకకపోతే కీబోర్డుతోటే కానిచ్చేస్త, నువ్వు ఎప్పటి లెక్క వెనక నిలబడు. వచ్చే నెల నుంచి జగదల్‌పూర్‌కెళ్లి ఎవర్నన్న పిలిపిస్తం. ఆడోళ్ల చేతికి లొంగే సామాను కాదది" అని, జవాబు కోసం ఆగకుండా మైకులవాడి మీద అరవడానికి పోయాడు.

ఇంద్రాణి పళ్లు కొరుక్కుంటూ మంగల్‌కి ఫోన్ చేసింది. అతను విని నవ్వలేదు, అదే పదివేలు. "దీదీ, ఇవాళ్టికి ఆ బ్రిడ్జిని లాక్ చేసెయ్. కడ్డీ వాడొద్దు. స్ప్రింగుల మరలు వదులు చేసి బ్రిడ్జిని సమంగా నిలబెట్టు. కింద గుంటలోకి దిగిన ఇనప దిమ్మ ఉంది కదా, దానికి అటొక చెక్క, ఇటొక చెక్క దూర్చి బిగించు. ఇక ఎటూ కదలదు" అన్నాడు.

ఆమె నేరుగా వెళ్లి తండ్రి ముందు నిలబడింది. ఆయన తోటి రిటైరైన వాళ్లతో కలిసి కిచిడీ తింటున్నాడు.

"రెండు చెక్క ముక్కలు కోసి పెట్టు. నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యి."

"ఇవాళా? మతుండే మాటాడతన్నావేటి? రేపు పొద్దున్న సేస్తాను."

"రేపు నాకెందుకు? నాలుగింటికి నేను ముందు నిలబడకపోతే ఇక ఎప్పటికీ నిలబడను. తెలుస్తోందా?"

"దేవుడి ముందు ఎట్టింది నేను తియ్యను" అన్నాడు గవర్రాజు. పక్కవాళ్లు తలలూపారు.

"అయితే నేనే తీస్తాను."

"నీకు సేతకాదే!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంద్రాణి వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, పూజ మందిరం దగ్గరికి నడిచింది. వంగి, బంతిపూల కింది నుంచి తండ్రి పెట్టె లాగింది. పంతులు ప్రసాదం పంచడానికి అవతలికి వెళ్లాడు కాబట్టి సరిపోయింది. చూసిన అప్పలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంద్రాణి ఎవరినీ చూడలేదు. పెట్టె ఒక చేత్తో, స్టేజి పక్కనున్న గిటార్ ఇంకో చేత్తో పట్టుకుని, షెడ్డు వెనక పాత సామాన్ల గదిలోకి పోయి తలుపు తోసింది. విరిగిన బెంచీ ఒకటి మూల పడి ఉంది. టేకు. దాని కాలు పట్టుకుని రంపం పెట్టింది.

మొదటి ముక్క వంకరగా తెగింది. రెండోది అన్యాయంగా సన్నగా వచ్చింది. గుంటలో వేస్తే గలగలమంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే కోసేది కనబడదని ఆపుకుంది.

"కొలవకుండా కోస్తావేటే, దున్నపోతా!"

గవర్రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, ఎక్కడ ముందుకొచ్చేస్తాయోనని ఒకదాన్నొకటి పట్టుకున్నాడు.

"వెళ్లు నాన్నా. తిట్టడానికైతే వెళ్లు."

"ముందు ఆ గుంటని కాయితం ముక్కతో కొల్సు. ఆ కొలతకి ఎంట్రుకంత ఎక్కువ కొయ్యి. ఎక్కువుంటే అరగదీయొచ్చు, తక్కువైతే అతికించేదేటి?"

ఆమె కాగితం మడిచి కొలిచింది. కోసింది. ఆకురాయి అందుకుంది.

"అలగ రుద్దీకు! ముందుకి తోసినప్పుడే బరువెయ్యి. ఎనక్కొచ్చేటప్పుడు తేల్చు. నీ ఒళ్లు ఊగాలి, సేతులొక్కటే కాదు. ఆఁ. ఆఁ. అలగ. ఒలే, ఆగాగు! ఇప్పుడు ఎట్టి సూడు. ఏళ్లతో తోస్తే దిగాలి, సుత్తెడితే గానీ దిగనేదంటే అది తప్పు ముక్క."

తిట్లకి కొదవ లేదు. అడ్డగాడిద అన్నాడు, చేతులా చీపురుకట్టలా అన్నాడు. ఇంద్రాణి కూడా తక్కువేం తినలేదు, "హిడ్మేకి కూడా ఇలాగే చెప్పావా, దానికి ముద్దుగా చెప్పావా?" అని అడిగింది. ఆయన దగ్గరికొచ్చి గుంటలోకి వంగి చూశాడు. అటు ముక్క కూర్చుంది. మరలు వదులు చేసి బ్రిడ్జి సమంగా నిలబెట్టి, ఇటు ముక్కని బొటనవేళ్లతో నెట్టింది. బిగుతుగా దిగింది. కడ్డీ పట్టి నొక్కితే బ్రిడ్జి ఉలకలేదు, పలకలేదు. ఆరు తీగలూ శ్రుతి చేసింది. ఒక తీగ తోసి పలికించింది. మిగతా ఐదూ ఉన్నచోటే ఉన్నాయి.

మూడూ ఇరవై అయింది. గవర్రాజు నుదుటి నిండా చెమట, చేతులు మాత్రం ఇంకా వెనకే ఉన్నాయి. ఆమె పెట్టె మూసి, మందిరం ముందు ఎక్కడ నుంచి తీసిందో అక్కడే పెట్టి, స్టేజి ఎక్కి ముందు నిలబడింది. రాంప్రసాద్ తనే వచ్చి తీగలు మీటి చూశాడు, మూతి ముడిచాడు, ఇంకేమీ అనలేక మైకందుకున్నాడు.

"భాయియోఁ, బెహనోఁ! మన గిటార్ ఖరాబైపోయిండె. టీచరమ్మతోటి యాడైతది? మన గవర్రాజు ఉస్తాద్ చెయ్యి పెట్టిండు, ఠీకైపోయింది. జోర్‌దార్ తాలియాఁ!"

షెడ్డంతా చప్పట్లు. ఇంద్రాణి ఒళ్లు భగ్గుమంది. అంత చేసి, రంపం పట్టిన చేతి మీద లేచిన పొక్కు ఇంకా మండుతుండగా, మెచ్చుకోలు మళ్లీ ఆయనకే! అంతలో ముందు వరసలోంచి ఎవరో హిందీలో అడిగారు, "పూజ నాడు పనిముట్టు ముట్టావా గవర్రాజూ?" చప్పట్లు ఆగిపోయాయి. పంతులు తలెత్తి చూశాడు.

నిన్ననే చేశానంటే సరిపోయేది. ఎవరు కాదంటారు? పరువూ దక్కేది, పనితనమూ దక్కేది. గవర్రాజు లేచి స్టేజి దగ్గరికొచ్చి రాంప్రసాద్ చేతిలో మైకు లాక్కున్నాడు.

"నాను ముట్టనేదు. నిన్న దాన్ని సెడగొట్టినోడిని నానే. ఇవాళ బాగుసేసింది నా కూతురు. దేవుడి ముందు నుంచి నా పెట్టి తీసి, కోసింది అదే, అరగదీసింది అదే. పాపమంటారా, నా నెత్తినెయ్యండి." స్టేజి మీది కూతురి వైపు వేలు చూపించాడు. "నలభై మందికి నేర్పినాను. దీనికి నేర్పనేదు. తప్పు నాదే. నేర్పుంటే ఈపాటికి నన్ను మించిపోయేది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పంతులు ఏదో గొణిగాడు. గవర్రాజు కూతురి వైపు చూశాడు, ఇక అంతా సర్దుకుందన్నట్టు.

ఇంద్రాణికి కరగాలనిపించలేదు. కోపం దిగలేదు సరికదా, రెండింతలైంది. పదహారేళ్లప్పుడు ఇంట్లో చెప్పాల్సిన మాట ఇప్పుడు వెయ్యి మంది ముందు చెబుతాడా ఈ మనిషి! ఆమె తన ముందున్న మైకు మీదికి వంగింది.

"కూర్చో నాన్నా. ఇప్పటికే పద్దెనిమిదేళ్లు ఆలస్యమైంది. పాట కూడా ఆలస్యం చెయ్యకు."

గవర్రాజు మైకు తిరిగిచ్చి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంద్రాణి డ్రమ్ముల కుర్రాడికి తలూపి వాయించడం మొదలుపెట్టింది.