బ్రేకుల సంగతి

సుందరరావు గారి బండి మళ్లీ మోగింది ఒక శనివారం, పగలు పదకొండుంబావుకి, ఆటోనగర్‌లో మీరావలి మేస్త్రి గారి షెడ్డులో. ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. కిక్కు కొట్టబోయే ముందు మేస్త్రి గారు గోడ గడియారం వైపు చూసి, "టైము గుర్తుపెట్టుకో దానమ్మా, ఈయన తర్వాత అడుగుతాడు" అన్నారు. ఆయన అడగలేదు. నేను మర్చిపోనూ లేదు.

ఇప్పుడు రాయడానికి కూర్చున్నది ఎందుకంటే, మొన్న పటమటలో మా ఇంటికి ఒకతను పాత బుల్లెట్ సీటు చంకన పెట్టుకుని వచ్చాడు. బండి పడిందట. రెక్సిన్ చిరిగి లోపలి కొబ్బరిపీచు బయటికి వేలాడుతోంది. దగ్గరికి తీసుకుంటే పీచు, పెట్రోలు, ఎండిన కాలువ బురద, మూడూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. కళ్లు సరిగా ఆనకపోయినా నా ముక్కు ఇంకా పనిచేస్తోంది. సీటు అరుగు మీద పెట్టి వెళ్లమన్నాను. కానీ వెంటనే దాన్ని ముట్టుకోలేకపోయాను. అంతకుముందు ఆ వాసన నాకు తగిలింది సుందరరావు గారి బండి వచ్చిన రోజునే.

మీరావలి గారు మీకెవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆయన షెడ్డుకి బోర్డు కూడా ఉండేది కాదు. పాత బుల్లెట్లు తప్ప ఇంకో బండి ముట్టుకునేవారు కాదు. పొట్టి మనిషి, నెత్తిన తడి తువ్వాలు, నోట్లో వక్క. నా మొగుడు పోయాక కంకిపాడు రైసు మిల్లులో గోనెసంచులు కుట్టుకుంటున్నదాన్ని, ఎవరో చెబితే పని అడగడానికి వెళ్లాను. నా చేతిలో దబ్బనం చూసి, "గోనె కుట్టే చెయ్యి సీటు కుడుతుందా?" అన్నారు. "సీటుకేమన్నా నొప్పి పుడుతుందా?" అన్నాను. నవ్వలేదు. లోపలికెళ్లి ఒక చిరిగిన సీటు తెచ్చి నా ముందు పడేశారు. అదే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు.

ఇరవయ్యేళ్లకు పైగా ఆయన దగ్గర చేశాను. నా పని ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. బాగా లేకపోతే మాత్రం కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టేవారు. అంటే విప్పి మళ్లీ కుట్టమని. మాట ఉండదు, కోపం ఉండదు, కత్తెర ఉంటుంది. మొదటి ఏడాది ఆ కత్తెర మీద నాకు ఎంత కసి ఉండేదో.

చదువు కూడా ఆయన దగ్గరే వచ్చింది. అప్పటికి నాకు నలభై దాటాయి. బండి విప్పితే ఏ పక్క సామాను ఆ పక్క డబ్బాలోనే వెయ్యాలి. ఒకరోజు నేను రెండు పక్కలవీ కలిపేశాను. ఆయన సుద్దముక్క తీసుకుని ఒక డబ్బా మీద 'కుడి', ఇంకోదాని మీద 'ఎడమ' అని రాసి, "ఇవి రెండూ నేర్చుకో, బతికిపోతావు" అన్నారు. నేను మొదట చదివిన మాటలు అమ్మా ఆవూ కాదు, కుడీ ఎడమా. మిగతావి వాటి వెనకే వచ్చాయి.

ఆయనకొక పద్ధతి ఉండేది. పడిన బండి వస్తే ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. బురదతో సహా ఒక పగలంతా షెడ్డు మధ్యలో నిలబెట్టేవారు. యజమానిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, ఎట్టా పడిందో చెప్పించుకునేవారు. చెప్పింది విన్నాకే బకెట్టుతో నీళ్లు తెచ్చి తన చేత్తో కడిగేవారు. పక్క షెడ్డు వెల్డింగు కోటేశ్వరరావు ఎగతాళి చేసేవాడు. "సాయిబు గారూ, బండికి స్నానం చేయిస్తున్నారా, దినం చేస్తున్నారా?" అనేవాడు. "నువ్వు నీ మంట చూసుకో" అనేవారు ఈయన.

సుందరరావు గారి బండి ట్రాలీ ఆటోలో వచ్చింది, వినాయక చవితికి ముందు. ఆయన ఉయ్యూరు వైపు కాలువ మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఎప్పుడు ఏ లాకు ఎత్తాలో, ఏ చేనుకి నీళ్లు వదలాలో చూసే ఉద్యోగం. కొన్నప్పటి నుంచీ భార్య శాంతమ్మ గారిని వెనక ఎక్కించుకుని ఆ బండి మీదే తిరిగాడు. అప్పటికి నాలుగు నెలల కింద ఏదో పెళ్లికి వెళ్లి వస్తుంటే, మసక వెలుతురులో గడ్డి ట్రాక్టరు లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉంది. ఈయన చూసుకోక గుద్దేశాడు, బండి కాలువ పక్క బురదలో పడింది. ఆవిడ అక్కడే పోయింది. ఈయన ఎడమ కాలు మోకాలి దగ్గర నలిగి, మడత పడకుండా మిగిలిపోయింది.

"ఎటు పడిందండీ?" అని అడిగారు మేస్త్రి గారు.

"ఎడం పక్కకి."

"అమ్మగారు?"

"ఆడవాళ్లు ఎడం పక్కకే గదండీ కాళ్లేసుకుని కూర్చునేది."

టీ తెచ్చిన సాంబయ్య గ్లాసులు కింద పెట్టకుండా అట్టాగే నిలబడిపోయాడు. సుందరరావు గారే మళ్లీ అన్నాడు, "అది ఎట్టా ఉండేదో అట్టా కావాలి. వేరే ఏమీ మార్చొద్దు."

ఫ్రేము మెడ దగ్గర, అంటే హ్యాండిలు తిరిగే చోట, పగులు ఉంది. కోటేశ్వరరావు వచ్చి వంగి చూశాడు. "వేడి చేసి లాగితే సరిపోద్ది. పైన రంగేస్తే బ్రహ్మదేవుడిక్కూడా తెలీదు" అన్నాడు. "నాకు తెలుసుద్ది గదరా" అన్నారు మేస్త్రి గారు. వేరే ఫ్రేము వేద్దామంటే సుందరరావు గారు ఒప్పుకోలేదు. ఫ్రేము మీద కొట్టి ఉన్న నంబరు శాంతమ్మ గారికి నోటికి వచ్చునట. ఆ నంబరు పోతే అది తన బండి కాదన్నాడు.

ఆయన వెళ్లాక మేస్త్రి గారు వక్క ఉమ్మేసి, "ఒకటి గమనించావా?" అన్నారు.

"ఏంటండీ?"

"పడిన బండి తెచ్చినవాడు ఎవడైనా ముందు అడిగేది బ్రేకుల సంగతే. ఈయన అడగలేదు. పాత బుల్లెట్ గదా, దీని కాలి బ్రేకు ఎడం పక్క. ఆయనకి ఎడం కాలు మడత పడదు. అయినా అడగలేదు."

తిప్పి పంపెయ్యమన్నాను. "పంపితే ఇంకో షెడ్డులో సాయంత్రానికి లాగి ఇస్తారు. నా దగ్గరుంటే నా దగ్గరుంటది" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, నా వైపు చూడకుండా. "ఇదివరకు ఒకాయన ఇట్టాగే అడగలేదు. నేను పట్టించుకోకుండా బండి బ్రహ్మాండంగా చేసిచ్చా. వారం తిరక్కుండా రైలు గేటు దగ్గర శవమై తేలాడు." అందుకేనన్నమాట పడిన బండి వస్తే మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టేది. అంతవరకూ నేను అది ఆయన చాదస్తం అనుకున్నాను.

ఇక చూడండి, ఎప్పటికీ తెమలని పని మొదలైంది. నెలలో అయ్యే పనిని ఆయన చవితి దాటించి, క్రిస్మస్ దాటించి, ఈస్టరు దాకా లాగారు. సుందరరావు గారు ప్రతి శనివారం బస్సులో వచ్చేవాడు. మేస్త్రి గారు ఆయన చేతికి కిరసనాయిలు పళ్లెం, పాత బ్రష్షు ఇచ్చి నట్లు కడగమనేవారు. ఆయనా కడిగేవాడు. కడిగినవే మళ్లీ ఇచ్చేవారు. అవీ కడిగేవాడు. ఒకసారి సాంబయ్య ఉండబట్టలేక, "ఏంటండీ సుందరరావు గారూ, ఈ నట్లు పెళ్లిచూపులకి పోతున్నాయా?" అన్నాడు. అప్పుడు నవ్వాడు ఆ మనిషి. అంతలోనే ఆ నవ్వు వెళ్లిపోయింది. అయినా మేస్త్రి గారు నా వైపు చూశారు. నేనూ చూశాను. ఇంకేముంది, గట్టునపడ్డాడనుకున్నాను. తప్పు. మరుసటి శనివారం మళ్లీ అదే ముఖం.

ఒకరోజు నేనే గొడవపడ్డాను. "పని చేస్తున్నట్టు నాటకమాడి మనిషిని ఎన్నాళ్లు తిప్పుతారు? ఇది మోసం గాదా?" అన్నాను. "మోసమే" అన్నారు. అంతే. పానా తీసుకుని పనిలో పడ్డారు.

సీటు నా వంతు. వెనక సీటు విప్పి చూస్తే ఎడమ అంచు బాగా దిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి ఒక మనిషి ఒకే పక్కకి కూర్చుంటే పీచు అట్టాగే అణుగుతుంది. నేను పాత పీచు తీసేసి, కొత్త స్పాంజి వేసి, బల్ల పరుపుగా కుట్టి చూపించాను. మంచి పని అది, ఇప్పటికీ అంటాను. మేస్త్రి గారు అరచెయ్యి సీటు మీద అటూ ఇటూ రాసి, వెళ్లి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఏం తప్పు చేశాను?" అన్నాను.

"ఆ గుంట ఏది?"

"గుంట ఉంచి కుట్టేదాన్ని సీటంటారా?"

"ఎట్టా ఉండేదో అట్టా కావాలన్నాడు గదమ్మా. పగిలిన ఇనుము అట్టా చెయ్యడం నా వల్ల కాదు. నీ వల్లవుద్ది."

చెత్తబుట్టలోంచి ఆ పాత పీచు ఏరుకుని, ఎడమ అంచు దిగి ఉండేట్టు మళ్లీ కుట్టాను. కోపంతోనే కుట్టాను. సగంలో ఉండగా, ఎప్పుడూ చూడని శాంతమ్మ గారి బరువు నా చేతికి తెలిసింది. ఆ తర్వాత కోపంతో కుట్టలేకపోయాను.

మొదట చెప్పిన ఆ శనివారం సుందరరావు గారితో కూతురు రాణి కూడా వచ్చింది. గుడివాడలో నర్సు. తండ్రి వెనకే నిలబడి, తాళం చెవి పట్టుకున్న ఆయన చేతినే చూస్తోంది. కోటేశ్వరరావు నిమ్మకాయ తెచ్చాడు. రిపేరైన బండిని ముందు చక్రంతో నిమ్మకాయ తొక్కించకుండా ఆటోనగర్‌లో ఎవరూ బయటికి పంపరు. మేస్త్రి గారు బండిని స్టాండు మీదే ఉంచి కిక్కు కొట్టారు. మొదటి దెబ్బకి దగ్గింది. రెండో దెబ్బకి అందుకుంది. ఆ పాత బళ్ల చప్పుడు మీకు తెలిసే ఉంటుంది, ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకున్నట్టు ఆగుతుంది. సుందరరావు గారు కళ్లు మూసుకుని విన్నాడు. కాలువగట్టు మీద ఈ చప్పుడు వినపడగానే శాంతమ్మ గారు అన్నం వడ్డించేదట. అది ఆయన చెప్పలేదు, రాణి చెప్పింది. తర్వాత ఆయన వంగి, వెనక చక్రం వైపు చూశాడు.

"చైను ఏదండీ?"

"నా దగ్గరుంది."

"బిగించలా?"

"బిగించలా. మీరు నన్ను బ్రేకుల సంగతి అడిగిన రోజు బిగిస్తా."

ఇంజను మోగుతూనే ఉంది. సుందరరావు గారు మేస్త్రి గారి ముఖంలోకి చూశాడు. ఆయన కోప్పడతాడనుకున్నాను. వెనక సీటు మీద చెయ్యి వేశాడు, ఎడమ అంచు మీద. అక్కడే ఉంచాడు. తర్వాత ఇంజను ఆపి, "ట్రాలీ పిలిపించండి" అన్నాడు. చక్రం కదలని బండికి నిమ్మకాయ ఎందుకని కోటేశ్వరరావు గొణిగాడు. "నా టీలోకి పనికొస్తది తే" అని సాంబయ్య లాక్కున్నాడు.

వాళ్లు వెళ్లాక అడిగాను, "ఆటోనగర్‌లో చైను దొరకదా? వీధి దాటితే పది కొట్లు."

"దొరుకుద్ది. ఆయనకీ తెలుసు."

చైనుని నూనెలో ముంచి తీసి మేకుకి తగిలించారు. ఆ తర్వాత శనివారాలు పదకొండు దాటితే ఆయన చూపు గేటు వైపు వెళ్లేది. రాణి అప్పుడప్పుడు ఫోను చేసేది. నాన్న రోజూ సాయంత్రం బండి స్టార్టు చేసి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తర్వాత ఆపేస్తాడని చెప్పేది. మాటలు తగ్గిపోయాయనీ, తిండి తగ్గిపోయిందనీ చెప్పేది. మూడు వానాకాలాలు గడిచాక జ్వరంతో పోయాడని చెప్పింది.

"మంచం మీదేనా?" అన్నారు మేస్త్రి గారు.

"మంచం మీదేనటండీ" అన్నాను. మీరే గెలిచారు అన్నట్టుగా అన్నాను కూడా.

ఆయన చైను దించి, గుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్లీ మేకుకే తగిలించారు. "అడిగుంటే బిగించేవాణ్ణి" అన్నారు. "రోజూ అడుగుతాడనే చూశా." ఆ పూట ఇంకే బండీ ముట్టుకోలేదు.

మీరావలి గారు పోయి రెండేళ్లవుతోంది. షెడ్డు ఖాళీ చేసేటప్పుడు ఏం కావాలో తీసుకోమన్నారు ఆయన కొడుకులు. కత్తెర తీసుకున్నాను. చైను తీసుకున్నాను. చైను మా వంటింటి గోడకి ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాస్తాను.

మొన్న సీటు తెచ్చినతను ఇవాళ వచ్చి, ఇంకా మొదలుపెట్టలేదని సణిగాడు. అరుగు మీద కూర్చోమన్నాను. "ఎట్టా పడింది?" అన్నాను. కాలువగట్టు మీద గేదె అడ్డమొచ్చిందని చెప్పాడు. "అది సరే మామ్మా, నీకు తెలిసిన మంచి మేస్త్రి ఉంటే చెప్పు, బ్రేకులు పట్టడంలా" అన్నాడు. అప్పుడు దబ్బనంలో దారం ఎక్కించాను.

ఆ శనివారం పదకొండుంబావుకి అక్కడ ఉన్నవాళ్లం: మీరావలి మేస్త్రి గారు, సుందరరావు గారు, రాణి, వెల్డింగు కోటేశ్వరరావు, టీ సాంబయ్య, సీటు కుట్టిన నేను దానమ్మని, వెనక సీటు మీద ఎడం పక్కన శాంతమ్మ గారు.